తలుపు మీద నీటిగీతలు

రాయ్‌పూర్ నుంచి పొద్దున్నే బయల్దేరే కొత్త కరెంటు రైలు కేంద్రీ స్టేషన్ దాటి అభన్‌పూర్ వైపు పోతున్నప్పుడు ఒకచోట చక్రాల కింద చప్పుడు మారుతుంది. అంతవరకూ గట్టినేల మీద దొర్లుతున్న చప్పుడు ఉన్నట్టుండి డొల్లగా, ఖాళీ నూనెడబ్బా మీద చేత్తో చరిచినట్టు వినిపించి, ఒక్క ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ మామూలైపోతుంది. పక్కసీటాయన ఫోన్లోంచి తలెత్తడు. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలు కబుర్లు ఆపరు. నేను మాత్రం కేంద్రీ దాటింది మొదలు చెవి రిక్కించుకుని కూర్చుంటాను. అదొక చిన్న వంతెన. పది అడుగుల వెడల్పుంటే గొప్ప. దాన్ని కట్టనక్కర్లేదని పెద్ద చదువులు చదివినవాళ్ళు కాగితం మీద తేల్చేశారు. కట్టి తీరాలని అక్షరమ్ముక్క రాని ఒకావిడ పట్టుబట్టింది. ఆవిడే గెలిచింది. ఆ సంగతి ఏ శిలాఫలకం మీదా లేదు కాబట్టి ఇక్కడ నేను రాస్తున్నాను.

ఆవిడ పేరు పైడమ్మ. మాకు చుట్టం కాదు, కానీ నేను పిన్నీ అని పిలిచేదాన్ని. మా నాన్న చిన్న లైను మీద పట్టాల దారి మళ్ళించే పాయింట్స్‌మన్. చిన్న లైను అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. రాయ్‌పూర్ నుంచి ధంతరీకి, మధ్యలో అభన్‌పూర్ దగ్గర చీలి రాజిమ్‌కి పోయే సన్న పట్టాల దారి అది. ఎప్పుడో కరువు రోజుల్లో కూలికి గింజలిచ్చి వేయించారని, అడవిలోని కలప మోయడానికి వేశారని పెద్దవాళ్ళు రెండు రకాలుగా చెప్పేవారు. రెండూ నిజమే అయ్యుంటాయి. నాకు ఊహ తెలిసేనాటికి కలప లేదు, కరువు కథలూ పాతబడిపోయాయి. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, కచేరీకి పోయే గుమాస్తాలు, స్కూలుకు పోయే నాలాంటి పిల్లలు ఎక్కేవాళ్ళు. సైకిల్ తొక్కే కుర్రాడు కాస్త గట్టిగా తొక్కితే ఆ రైలును దాటేసేవాడు. దాన్ని చూసి నగరంలో జనం నవ్వేవారు. గేటు పడితే కార్లవాళ్ళు హారన్లు మోగించి తిట్టేవారు. మేం ఆ రైలు తిండి తిని పెరిగినవాళ్ళం, మాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది.

మా స్టేషన్ పేరు చెప్పను. తర్వాత నేను పనిచేసిన కంపెనీ పేరూ చెప్పను. చెప్పడానికి నాకేం భయం లేదు, మా అమ్మకు మాటిచ్చానంతే. ఆ స్టేషన్ పక్కన నాలుగు క్వార్టర్లుండేవి. ఒకదానిలో మేం. పక్కదానిలో పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగులో పనిచేసే అప్పలస్వామి బాబాయి, పైడమ్మ పిన్ని. వాళ్ళది బొబ్బిలి దగ్గర పల్లె. మాదీ ఆ పక్కే. బాబాయి జ్వరం వచ్చి పదిరోజుల్లో పోయాడు. ఆయన ఉద్యోగం పిన్నికి ఇచ్చారు. అప్పటికి నాకు పదేళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి, పట్టాల పనిలో ఆడమనిషిని చూడటం ఆ లైను మీద అందరికీ కొత్త.

ఆమె పనిలో చేరిన పొద్దు నాకు బాగా గుర్తు. గ్యాంగు మేటు బుధ్‌రామ్ ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి, మంచివాడే. మంచితనం కొద్దీ ఆమె చేతికి నీళ్ళకుండ ఇచ్చాడు. "దాయీ, నువ్వు మావాళ్ళకు నీళ్ళు అందించు, చాలు. ఎండలో సుత్తి పని నీవల్ల కాదు" అన్నాడు. దాయీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. పిన్ని కుండను మెల్లగా నేలమీద పెట్టి, తెలుగులో నాతో, "ఒలే గుంటా, ఆడికి సెప్పు. నా మొగుడు నీల్లు మోసి జీతం తీసుకోనేదు. సుత్తి ఇమ్మను" అంది. నేను హిందీలో చెప్పాను. బుధ్‌రామ్ నవ్వాడు. ఆమె కదల్లేదు. గ్యాంగంతా పనికి పోయాక కూడా అక్కడే నిలబడింది, ఆ కుండ పక్కనే. రెండో రోజూ అంతే. మూడో రోజు బుధ్‌రామ్ సుత్తి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఆమె అరచేతులు బొబ్బలెక్కితే మా అమ్మ వెన్న రాసింది. "ఎందుకే నీకీ మొండితనం" అని అమ్మ గొణిగితే, "మొండితనం కాదొదినా, నాకీ పని ఇచ్చినారు గదా, పని సెయ్యాల గదా" అంది. అంతే, అదేదో మామూలు విషయమన్నట్టు.

నాలుగేళ్ళకు ఆమె కీమాన్ అయింది. పట్టాను కింద అడ్డంగా ఉండే స్లీపరుకు పట్టి ఉంచే ఇనుప చీలను కీ అంటారు. రైలు నడిచేకొద్దీ అవి వదులవుతాయి. రోజూ తన వంతు మైళ్ళు నడిచి, వదులైన ప్రతి కీని సుత్తితో బిగించడం కీమాన్ పని. భుజాన సంచి, చేతిలో సుత్తి, రెండు జెండాలు. చీర పైకి దోపి, దాని మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, ఉదయం మా రైలుకంటే ముందు బయల్దేరేది. రైల్లో స్కూలుకు పోతూ కిటికీలోంచి చూస్తే, పట్టాల పక్కకు తప్పుకుని ఆకుపచ్చ జెండా పట్టుకుని నిలబడి ఉండేది. నేను చెయ్యి ఊపినా తిరిగి ఊపేది కాదు. డ్యూటీలో ఉండగా చేయి ఊపితే డ్రైవరు మరోలా అనుకుంటాడని తర్వాత చెప్పింది.

సెలవు రోజుల్లో నేనూ ఆమె వెంట నడిచేదాన్ని. ఒకసారి ఎండలో కాళ్ళు పీకుతున్నాయి. వంపు అవతల పట్టాల అతుకు దగ్గర బోల్టు ఉందో లేదో చూసి రమ్మంది. నేను వంపు దాకా పోయి, నీడలో కాసేపు కూర్చుని, వెనక్కొచ్చి "చూశాను పిన్నీ, ఉంది" అన్నాను. ఆమె నా చెప్పుల వంక చూసింది. వంపు అవతల నిన్ననే ఎర్రమట్టి పోశారు, నా చెప్పులకు ఎర్రమట్టి లేదు. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఆ వంపు దాటించి, అతుకు దాకా నడిపించి, నాచేతే బోల్టు ముట్టించింది. బోల్టు ఉంది. "ఉంది గదా పిన్నీ, నేను చెప్పిందే గదా" అన్నాను ఉక్రోషంగా. అప్పుడొచ్చింది ఆమెకు కోపం. "ఉన్నాది. నీకు తెల్సి ఉన్నాదేటి? ఆ రైల్లో నీ అయ్య ఉన్నాడు, నీ తమ్ముడు ఉన్నాడు. ఉన్నాదో నేదో తెలీకుండా ఉన్నాదని సెప్పీసినావు! సూసినాను అని నాకాడ ఇంకెప్పుడూ అనకు. నడిసినానని సెప్పు. నడిస్తే నాను నమ్ముతాను." ఆ మాటలకు నేను ఏడ్చాను. ఇంటికొచ్చేదాకా ఓదార్చలేదు. ఇంటికొచ్చాక చేపల పులుసుతో అన్నం కలిపి పెట్టింది.

ఇక ఆ తలుపు సంగతి. మా స్టేషన్‌కు రెండు మైళ్ళ అవతల పట్టాలు ఒక పల్లంలోంచి పోయేవి. పట్టాల గట్టు కింద పాతకాలపు తూము ఒకటుండేది. వానాకాలం ఎగువ పొలాల నీళ్ళన్నీ ఆ తూములోంచి దిగువకు పోవాలి. ఎగువ పక్కన గట్టునానుకుని యాభై అరవై ఇళ్ళ బస్తీ. ఎక్కువగా గ్యాంగుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళవే ఆ ఇళ్ళు. బుధ్‌రామ్ ఇల్లూ అక్కడే. వాన గట్టిగా కురిసినప్పుడు పిన్ని అక్కడికి పోయి, పట్టా మీద బోర్లా పడుకుని, పట్టా పైనుంచి నీళ్ళదాకా ఎన్ని జానలుందో చేత్తో కొలిచేది. అది ఎవరూ చెప్పిన పని కాదు. ఇంటికొచ్చి నన్ను పిలిచి, కిలోమీటరు రాళ్ళకు వేసే ఎర్రరంగు అడుగున మిగిలితే తెచ్చి, తన వెనక తలుపు మీద గీత గీయించేది. పక్కన సంవత్సరం, ఎన్ని జానలో నేను రాసేదాన్ని. "ఎందుకు పిన్నీ ఇది?" అంటే, "నాను పోయినాక ఈ దారిని నడిసేవోడికి తెలవాల గదే" అనేది. అలా పదిహేను గీతలయ్యాయి. దాదాపు అన్నీ ఒకచోటే. రెండు జానలు. రెండు జానలు. ఒక్కో ఏడు రెండుకు బెత్తెడు తక్కువ. నేను స్కూలు దాటి డిప్లొమా చదువుతున్నప్పుడు కూడా సెలవులకొచ్చి గీసేదాన్ని.

ఈలోగా నగరం పెరిగింది. నగరంలో పట్టాలున్న జాగా అందరి కంటా పడింది. ముందు ఆ ముక్క మూసి, మీద వెడల్పు రోడ్డు వేశారు. తర్వాత మిగిలిన లైను మీదా రైళ్ళు ఆపేశారు, పెద్ద పట్టాలు వేస్తామని. ఆఖరి రైలుకు పూలదండలు వేశారు, ఫోటోలు దిగారు. అంతకుముందు రోజుదాకా దాన్ని తిట్టినవాళ్ళే దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. పిన్ని ఆ గుంపులోకి రాలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలా సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. నేను అప్పుడు ఇంట్లోనే ఉన్నాను. "ఇవాళ రైలు రాదు పిన్నీ" అన్నాను. "రాకపోతే? నడవొద్దన్న కాయితం నాకెవుడిచ్చినాడు?" అంది. రైళ్ళు లేని పట్టాల మీద పంతొమ్మిది రోజులు కీలు బిగించింది. కాగితం వచ్చాక మానేసింది. జనం పిచ్చి అన్నారు. నాకు మాత్రం ఆ పంతొమ్మిది రోజులు తలచుకుంటే ఇప్పటికీ వీపు నిటారవుతుంది.

ఆ తర్వాత ఆమె రిటైరై ఆ పల్లం పక్క బస్తీలోనే రెండు గదులు వేసుకుంది. క్వార్టర్లు పడగొట్టినప్పుడు వెనక తలుపు అడిగి తెచ్చుకుని దాన్నే వీధి తలుపుగా బిగించుకుంది. నేను నగరం పక్కన ఫ్యాక్టరీలుండే ఉర్లాలో ఒక ఇనుప దూలాల షెడ్డులో కొన్నాళ్ళు పనిచేసి, పెద్ద పట్టాల పని తీసుకున్న కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరుగా చేరాను. నేను పుట్టి పెరిగిన దారికే నన్ను పంపారు. మా అమ్మ సంతోషంతో వీధంతా లడ్డూలు పంచింది.

సైటు మీద పెద్ద బాస్‌ను అందరం సాబ్ అనేవాళ్ళం. ఒకరోజు ఆయన నా ముందు డ్రాయింగు పెట్టి, పల్లం దగ్గర వేలు పెట్టి, "ఈ పాత తూము పనికిరాదు, మూసేస్తాం. గట్టు రెండింతలు ఎత్తు చేసి నేరుగా మట్టి పోస్తాం. ఇక్కడ పారే నీళ్ళు లేవని నువ్వు సంతకం పెట్టు" అన్నాడు. గట్టు ఎత్తయ్యి, తూము మూసుకుపోతే, ఎగువ నీళ్ళు పోయే దారి లేక బస్తీలోకే ఎక్కుతాయి. అరవై కొంపలు. "సాబ్, అక్కడ నీళ్ళు పారతాయి, నాకు తెలుసు" అన్నాను. "సర్వే చేసింది వేసవిలో, అప్పుడు పొడిగానే ఉంది. నీ దగ్గర రికార్డు ఉందా?" అన్నాడు. ఉంది అన్నాను, ఆలోచించకుండా.

ఆ సాయంత్రమే పిన్నికి చెప్పాను. ఆమె లోపలికెళ్ళి సుత్తి తెచ్చి, వీధి తలుపు మడతబందులు ఊడగొట్టింది. మర్నాడు బుధ్‌రామ్ తోపుడుబండి తెచ్చాడు. తలుపును దానిమీద పడుకోబెట్టి ముగ్గురం సైటు ఆఫీసుకు తోసుకుపోయాం. దారిపొడుగునా జనం చూశారు. పిన్ని ఇంటికి తలుపు లేదు, కుక్కలు దూరతాయని పక్కింటి పిల్లను కాపలా పెట్టి వచ్చింది.

సాబ్ తలుపు చుట్టూ తిరిగి చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. శ్రద్ధగా చదివాడు. అది ఇంకా ఘోరమైంది. "పదిహేనేళ్ళూ రెండు జానల కిందే. నీళ్ళు ఒక్క ఏడూ పెరగలేదు. నేను వెళ్ళి తూము చూశాను, ముప్పాతిక వంతు పూడిపోయి ఉంది. తూము పూడిపోయినా నీళ్ళు పెరగలేదంటే, వచ్చేవే కాసిని నీళ్ళన్నమాట. అమ్మా, మీ తలుపే నా మాటకు సాక్ష్యం" అన్నాడు. నాకు ఆయన చెప్పిన దాంట్లో తప్పు దొరకలేదు. పిన్ని గీతలన్నిటినీ వేలితో తడిమి, "పదండి" అంది. తలుపును తిరిగి బస్తీకి తోసుకుపోయాం.

మర్నాడు తెల్లారేసరికి ఆమె సైటు క్యాంపులో నా గది ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గుంటా, తప్పు నాదే" అంది. "నీల్లు పెరగనేదని ఎవుడన్నాడు? పట్టా పైకి నెగిసింది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ప్రతి ఏడూ వానలయ్యాక గ్యాంగు చేసే పని ఏమిటి? కుంగిన పట్టాలను జాకీలతో రవ్వంత పైకెత్తి, అడుగున కొత్త కంకర కుక్కడం. ఒక్కో ఏడు వేలెడు. ఆ పల్లంలో నేల మెత్తన కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ. ఆ పట్టాను పైకెత్తింది ఆమె చేతులే, బుధ్‌రామ్ చేతులే. ఆ పట్టా మీదే పడుకుని మళ్ళీ ఆమే నీళ్ళు కొలిచింది. పట్టా పైకి పోతోంది, దాంతోపాటే నీళ్ళూ పైకొస్తున్నాయి. మధ్యలో రెండు జానలు అలాగే మిగిలాయి. "పదిహేనేళ్ళు మా సేతుల్తో మేవే ఎత్తి, మేవే మర్సిపోనాం. పట్టా కదల్దు అనుకున్నాను. పట్టా కన్నా గట్టిది ఏటున్నాది అనుకున్నానే" అంది. అక్షరాలు చదువుకున్నదాన్ని, సివిల్ డిప్లొమా ఉన్నదాన్ని, గీతలు గీసింది నేను. నాకూ తట్టలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె సిగ్గుపడే తీరికలో లేదు. "నెగు, పార అట్టుకో" అంది.

పల్లం దగ్గర పాత కిలోమీటరు రాయి ఒకటుంది. దాన్ని ఎవరూ ఎత్తరు, అది పాతినచోటే ఉంటుంది. తాను పనిలో చేరిన కొత్తలో ఆ రాతి నెత్తిన సంచి తగిలించి అన్నం తినేదాన్నని, రాయి తన నడుం దాకా ఉండేదని పిన్ని చెప్పింది. ఇప్పుడు కంకరలోంచి దాని నెత్తి మాత్రమే కనిపిస్తోంది. బుధ్‌రామ్, నేను తవ్వాం. తవ్వేకొద్దీ కంకర వరసలు వరసలుగా బయటపడింది, ఏ ఏటిది ఆ ఏడు, కింద నల్లగా మట్టి పట్టి, పైకొచ్చేకొద్దీ తెల్లగా. రాయి పూర్తిగా బయటపడ్డాక కొలిస్తే పట్టా మూడు జానలకు పైగా లేచింది. అంటే నీళ్ళు కూడా అంతే పెరిగాయి. ఎగువ పొలాలు ప్లాట్లయ్యాయి కదా, ఇంకే నేల ఉంది నీళ్ళు తాగడానికి. బుధ్‌రామ్ గోతిలో నిలబడి తన ఇంటి అరుగు వంక చూశాడు. అరుగు ఆ రాతి నెత్తికంటే రెండు జానలే కిందుంది, అంటే ఇప్పటి వాన నీళ్ళ మట్టంలో.

నేను సాబ్‌కు ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చాడు, గోతిలోకి వంగి చూశాడు. ఈసారి చిరాకు పడ్డాడు. "నిన్న ఆ తలుపే రికార్డన్నారు, ఇవాళ ఆ తలుపు తప్పంటున్నారు. తప్పని ఒప్పుకున్న రికార్డును ఏ ఆఫీసు నమ్ముతుంది?" అన్నాడు. పిన్ని తన కలగలుపు హిందీలో అన్న మాట తెలుగులో ఇది: "సాబ్, నాను తప్పు సేసినాను కాబట్టే తప్పు ఎక్కడున్నాదో సూపించగలిగినాను. మీ కాయితంలో తప్పు ఎక్కడున్నాదో మీకు తెల్సా?" ఆయన ముఖం కందిపోయింది. నా వైపు తిరిగి, "సాయంత్రానికల్లా సంతకం కావాలి" అని జీపెక్కాడు.

నేను సంతకం పెట్టలేదు. ఆ కాగితం మీదే, సంతకం చోట, "ఇక్కడ నీళ్ళు పారతాయి. నేను నడిచి చూశాను" అని రాసి, కింద రాతి కొలతలు వేసి ఇచ్చాను. అప్పటికి నాకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో నాకే తెలుసు. నాన్న రిటైరయ్యాడు, తమ్ముడు చదువుకుంటున్నాడు. వారం తిరక్కుండా నన్ను సైటు నుంచి తీసేసి, కంపెనీకి ఉర్లాలో ఉన్న గోడౌన్లో బోల్టులు లెక్కపెట్టే పనికి పంపారు. కానీ కాగితం పైకి వెళ్ళింది, అది చేరాల్సిన దొంతరలోనే పడింది. రైల్వే తరపున తనిఖీకి ఒక పెద్దాఫీసరు వచ్చినప్పుడు దాని గురించి అడిగాడు. ఇంకా పీకని పాత పట్టాల మీద మోటారు ట్రాలీలో పల్లం దాటి పోబోతుంటే ఎదురుగా పట్టాల మధ్య పైడమ్మ పిన్ని ఎర్రజెండా పట్టుకుని నిలబడింది. రిటైరైనా ఆ జెండా ఆమె దగ్గరే ఉంది. ఎర్రజెండా చూస్తే ఆగాల్సిందే, ఎంత ఆఫీసరైనా ఆగాల్సిందే. "ఏమైంది దాయీ?" అంటే, "దిగండి సాబ్. బండి మీంచి ఇది కనపడదు. నడవండి" అందట. ఆయన దిగాడు. తూము నుంచి గోతిదాకా, గోతి నుంచి బుధ్‌రామ్ అరుగు దాకా, అక్కణ్ణుంచి తలుపు దాకా ఆమె వెనకే నడిచాడు. ఇదంతా బుధ్‌రామ్ నాకు ఫోన్లో చెప్పాడు. మూడు నెలలకు కొత్త డ్రాయింగు వచ్చింది. అందులో ఆ పల్లం దగ్గర వంతెన ఉంది.

వంతెన లేచిన తొలి వానాకాలం, రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నేను గోడౌన్‌కు సెలవు పెట్టకుండానే బస్సెక్కి వచ్చేశాను. పిన్ని గొడుగు కింద నిలబడి ఉంది, అప్పటికే ఆమెకు ఆయాసం. ఎర్రటి నీళ్ళు ఎగువ ప్లాట్ల మీంచి ఉరుకుతూ వచ్చి, బస్తీ గోడలను రాసుకుని, వంతెన కిందికి దూరి అవతలికి పడుతున్నాయి. బుధ్‌రామ్ అరుగు తడిసింది, గడప తడవలేదు. బస్తీ జనం కేకలు వేశారు, ఎవరో నా చేతిలో వేడి భజియాలు పెట్టారు. పిన్ని కేకలు వేయలేదు. వంతెన సిమెంటు గోడను అరచేత్తో తట్టి చూసి, "ఇది నేవదు గదేటే?" అంది. "లేవదు పిన్నీ. నేలలోకి దిగేసి కట్టారు" అన్నాను. "నడిసి సూసినావా?" "పునాది తవ్వినప్పుడు దొంగతనంగా వచ్చి దిగి చూశాను." ఆమె చొక్కా జేబులోంచి చిన్న రంగు డబ్బా తీసింది. "అయితే గియ్యి" అంది. నడుంలోతు నీళ్ళలోకి దిగి నీళ్ళ అంచున ఎర్ర గీత గీసి, పక్కన సంవత్సరం రాశాను. ఈసారి జానలు రాయలేదు, అవసరం లేదు.

కొత్త రైలు నడవడానికి ముందే ఆమె పోయింది. ఆ డొల్ల చప్పుడు ఆమె ఒక్కసారైనా వినలేదు, అది నాకు ఎప్పటికీ మిగిలే కష్టం. నేను ఆ కంపెనీ మానేశాను. ఇప్పుడు చేస్తున్న చోట నన్ను పొగరుబోతు అంటారు. స్థలం చూడకుండా సంతకం పెట్టదు, పని ఆలస్యం చేస్తుందని పైవాళ్ళకు రాస్తారు. రాసుకోనీ. వాళ్ళు జీపులో చుట్టి వచ్చి "చూశాం" అంటే, నా నోటికి ముందుగా వచ్చే మాట ఒకటే: "నడిచారా?"

తలుపు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. వంతెన గోడ మీద ఏటేటా గీత గీస్తూనే ఉన్నాను, వాటిలో రెండు తమ ముందటేటి గీతకంటే పైకున్నాయి. మొన్న రైల్వే ఆఫీసు నుంచి నా పేరున ఒక కాగితం వచ్చింది. వంతెన గోడ మీద అనుమతి లేకుండా రంగు పూస్తున్నానట, అది నేరమట, వెంటనే మానుకోవాలట. రెండుసార్లు చదివి మడిచి పెట్టాను. ఆ గోడ సున్నం కొట్టించి నా గీతలన్నీ చెరిపేశారని బుధ్‌రామ్ కొడుకు చెప్పాడు. మంచిదే. ప్రతి గీత ఎక్కడుండేదో కొలత నా దగ్గర ఉంది, అన్నీ తిరిగి గీయవచ్చు. నిన్న దుకాణానికి పోయి ఎర్రరంగు కొన్నాను, ఈసారి పెద్ద డబ్బా.